కళ్లు లేనివాడి కథ, వినపడని పిల్లాడి సినిమా

అందరికీ నమస్కారం.

సినిమా అయిపోయి లైట్లు వేశాక చాలాసేపు ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. ఈ సినిమా చూడటం నాకిది నాలుగోసారి. మొదటిసారి చివరిదాకా కూర్చోలేకపోయాను. ఊరి జనాన్నంతా ఆ చెక్క కొట్టంలోకి తోసే దగ్గర లేచి బయటికొచ్చేశాను. వరండాలో నీళ్లు తాగి, లోపలి నుంచి వినపడే అరుపులు ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. కాబట్టి ఇందాక మధ్యలో లేచి వెళ్లినవాళ్లు మొహమాటపడక్కర్లేదు. కాకపోతే ఆ రాత్రి ఇంటికెళ్లాక ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. సినిమా పేరే 'రా, చూడు' అని. నేనేమో చూడకుండా వచ్చేశాను.

'కమ్ అండ్ సీ' 1985లో వచ్చిన సోవియట్ సినిమా. దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్. కథ జరిగేది 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న బెలారస్‌లో. యుద్ధ సాహిత్యం సినిమాగా మారినప్పుడు నిరంకుశ భావజాలాల్ని ఎలా చూసిందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నిరంకుశ భావజాలం అన్నది పెద్ద మాట. పుస్తకాల్లో దానికి పెద్ద పెద్ద నిర్వచనాలున్నాయి. ఈ సినిమాలో మాత్రం అది పెట్రోల్ డబ్బా రూపంలో, బురదగుంటలో పడి ఉన్న పటం రూపంలో, ఫొటోకి పోజిచ్చే నవ్వు రూపంలో కనిపిస్తుంది. నేనూ వాటి దగ్గరే ఉంటాను.

ముందు కథ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి.

అలెస్ ఆదమోవిచ్ బెలారస్ రచయిత. 1927లో పుట్టాడు. జర్మన్లు వచ్చేనాటికి బడికెళ్లే పిల్లాడు. మీసాలు రాని వయసులోనే అడవిలో గెరిల్లాలతో కలిశాడు. అక్కడివాళ్లు వాళ్లని పార్టిజాన్లు అంటారు. అంటే సినిమాలో తుపాకీ కోసం ఇసుక తవ్వే ఆ పిల్లాడు, కథానాయకుడు ఫ్ల్యోరాలో ఆదమోవిచ్ సొంత బాల్యం కొంత ఉంది. 1970ల మొదట్లో ఆయన 'ఖతీన్ కథ' అనే నవలిక రాశాడు. అదే సమయంలో మరో ఇద్దరు రచయితలు యాంకా బ్రిల్, వ్లాదిమిర్ కలెస్నిక్‌లతో కలిసి టేప్ రికార్డర్ పట్టుకుని ఊరూరా తిరిగాడు. తగలబడిన ఊళ్లలోంచి ఎలాగో బతికి బయటపడ్డ 300 మందికి పైగా మనుషుల మాటలు రికార్డు చేశారు. ఆ మాటలే 1975లో 'నేను నిప్పుల ఊరి నుంచి వచ్చాను' అనే పుస్తకమయ్యాయి. సినిమాకి ఈ రెండూ ఆధారం. స్క్రిప్టు ఆదమోవిచ్, క్లిమోవ్ కలిసి రాసుకున్నారు.

సినిమాలో ఒళ్లంతా కాలిపోయి నేలమీద పడుకున్న ముసలాయన ఉంటాడు కదా. నన్ను చంపేయండయ్యా అని వాళ్లని బతిమాలుకున్నాను, వాళ్లు నవ్వారు అంటాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఏడుపు ఉండదు. ఊళ్లో ఏదో తగాదా గురించి చెబుతున్నట్టు చెబుతాడు. టేపుల్లో మనుషులు మాట్లాడిన తీరు అది. సినిమా వాళ్లు కూర్చుని రాసుకున్న డైలాగైతే అలా ఉండదు.

ఖతీన్ నిజమైన ఊరు. మిన్స్క్ నగరానికి దగ్గర్లోనే 26 ఇళ్లున్న పల్లె. 1943 మార్చి 22న ఊరి జనాన్ని ఒక కొట్టంలోకి తోలి నిప్పు పెట్టారు. బయటికి పరిగెత్తినవాళ్లని మెషిన్‌గన్‌తో కాల్చారు. 149 మంది చనిపోయారు. అందులో 75 మంది పిల్లలు. పెద్దవాళ్లలో బతికి బయటపడింది యోసిఫ్ కమిన్‌స్కీ అనే కమ్మరి ఒక్కడే. శవాల మధ్య కొడుకు దొరికాడు, చేతుల్లోనే ప్రాణం వదిలాడు. 1969లో అక్కడ స్మారకం కట్టారు. చనిపోయిన బిడ్డని మోస్తూ నిలబడ్డ ఒక పెద్దాయన విగ్రహం ఉంటుంది. ఇళ్లు ఉన్న చోటల్లా పొగగొట్టం ఆకారంలో స్తంభం, పైన గంట. చెక్క ఇల్లు కాలిపోతే మిగిలేది ఇటుక పొగగొట్టం ఒక్కటే కదా. ఆ గంటలు అర నిమిషానికోసారి మోగుతాయి.

సినిమా చివర తెరమీద పడే అంకె మీరు చూశారు. బెలారస్‌లో మనుషులతో సహా తగలబెట్టిన ఊళ్లు 628.

ఇప్పుడు నవలికకీ సినిమాకీ ఉన్న తేడా చెబుతాను. నన్ను ఈ సినిమా వైపు మళ్లీ లాక్కొచ్చింది ఆ తేడానే.

నవలికలో ఫ్ల్యోరా పెద్దవాడైపోయి ఉంటాడు. కళ్లు పోయాయి. యుద్ధం ముగిసి పాతికేళ్లు దాటింది. పాత పార్టిజాన్ స్నేహితులతో కలిసి బస్సులో ఖతీన్ స్మారకానికి వెళుతుంటాడు. పక్కన భార్య గ్లాషా, కొడుకు. బస్సు కుదుపుల మధ్య, పక్కవాళ్ల మాటల మధ్య, అప్పటి దృశ్యాలు ఒక్కొక్కటే లోపల తెరుచుకుంటాయి. పుస్తకం మొత్తం చూపు లేనివాడి జ్ఞాపకం. బయట చూడటానికి ఏమీ లేదు కాబట్టి లోపలున్నది అంత స్పష్టంగా కనిపిస్తుంది.

క్లిమోవ్ ఆ బస్సుని తీసేశాడు. గుడ్డివాణ్ని తీసేశాడు. పాతికేళ్ల దూరాన్నీ తీసేశాడు. మనల్ని నేరుగా 1943లో ఆ పిల్లాడి పక్కన నిలబెట్టాడు. బాంబులు పడ్డాక వాడి చెవులు మూసుకుపోతాయి. ఆ తర్వాత చాలాసేపు మనకీ సరిగ్గా వినపడదు. ఒక ఈల, హోరు, నీళ్లలోంచి వచ్చినట్టు మాటలు. రెండోసారి చూసినప్పుడు గమనించాను, నా చేయి దానంతటదే చెవి దగ్గరికి వెళుతోంది. పుస్తకంలో వాడికి కళ్లు లేవు, వింటూ గుర్తుచేసుకుంటాడు. సినిమాలో వాడికి చెవులు పనిచేయవు, చూడటం తప్ప గత్యంతరం లేదు. పుస్తకానికి లొంగి ఉంటే క్లిమోవ్ ఒక ముసలి మొహాన్ని, ఫ్లాష్‌బ్యాక్‌ల్ని తీసి ఉండేవాడు. మంచి సినిమానే అయ్యుండేది. అందరం ఏడ్చి ఇంటికి వెళ్లేవాళ్లం. ఇది ఆ రకం సినిమా కాదు.

ఒక్క దృశ్యం దగ్గర ఆగుతాను. ఫ్ల్యోరా పార్టిజాన్ల దగ్గర పరిచయమైన గ్లాషాని తీసుకుని ఇంటికొస్తాడు. ఇంట్లో ఎవరూ ఉండరు. పొయ్యిలో సూపు ఇంకా వెచ్చగా ఉంటుంది. నేలమీద చెల్లెళ్ల బొమ్మలు. ఈగల మోత. వాడు గిన్నెలో పోసుకుని తింటాడు, ఆ పిల్లకీ పెడతాడు. ఆ అమ్మాయికి అర్థమవుతోంది, వీడికి కావట్లేదు. కావట్లేదా, కానివ్వట్లేదా? తర్వాత వాడికి ఏదో తోచి, అందరూ ద్వీపంలో దాక్కుని ఉంటారంటూ పరుగెడతాడు. వాడి వెనకే పరుగెత్తే గ్లాషా ఒక్కసారి తల తిప్పి చూస్తుంది. ఇంటి గోడ వెనక మనుషుల శవాల గుట్ట. రెండు క్షణాలు కూడా ఉండదు ఆ షాట్. వాడు తిరిగి చూడడు. ఆ అమ్మాయి చూసింది, మనం చూశాం, వాడొక్కడే చూడలేదు. వాడి తల్లి, వాడి చెల్లెళ్లు అందులోనే ఉన్నారు.

నేను వరండాలోకి వెళ్లి నిలబడినట్టే వాడూ ద్వీపం వైపు పరుగెత్తాడు. మనిషన్నవాడు అదే చేస్తాడు. చూడకుండా ఉండగలిగినంతసేపు ఉంటాడు. నిరంకుశ రాజ్యాలకి ఇది బాగా తెలుసు. వాళ్లకి జనమంతా హంతకులు కానక్కర్లేదు. ఎక్కువమంది తల తిప్పుకోకుండా పరుగెడితే చాలు.

ఇక భావజాలం విషయానికి వస్తాను.

హిట్లర్ మనుషుల గురించి వచ్చిన చాలా సినిమాల్లో మెరిసే బూట్లు, నీటుగా ఇస్త్రీ చేసిన యూనిఫాం, చల్లని చూపు ఉంటాయి. చూసేవాడికి భయంతోపాటు ఒక మోజు కూడా పుడుతుంది, అందులోని ప్రమాదం అదే. ఇక్కడ ఆ మోజుకి తావు లేదు. పెరెహోది అనే ఊళ్లోకి పొగమంచులోంచి వచ్చే ఆ దండు తాగి ఉంటుంది, తింటూ ఉంటుంది, పాటలు పెట్టుకుంటుంది. జాతరకొచ్చినట్టే ఉంటారు. వాళ్ల కమాండర్ భుజాన ఒక చిన్న జంతువు వేలాడుతుంటుంది, గమనించారా? పెద్ద గుండ్రటి కళ్లు, సన్నటి చేతులు. మన తూర్పు కనుమల అడవుల్లో కనిపించే దేవాంగ పిల్లి లాంటిదే అది. దక్షిణాసియా అడవుల్లో రాత్రిపూట చెట్ల కొమ్మలమీద మెల్లగా తిరిగే పిరికి జీవి, చలిదేశంలో ఒక హంతకుడి భుజం పట్టుకుని ఉంటుంది. ఆయన దాన్ని ముద్దుచేస్తాడు. అటు కొట్టం తలుపులు బిగిస్తున్నారు. జంతువుని ప్రేమించగల మనిషే మనుషుల్ని తగలబెడుతున్నాడు. ఆయనలో దయ లేక కాదు, ఆ దయ ఎవరి మీద చూపాలో, ఎవరి మీద చూపక్కర్లేదో ముందే ఎవరో రాసిచ్చారు. భావజాలం చేసే పని అదే.

కొట్టం కిటికీ దగ్గర ఒక ఆఫీసర్ చెప్పే మాట గుర్తుందా? పెద్దవాళ్లు బయటికి రావచ్చు, పిల్లల్ని మాత్రం లోపలే వదిలేసి రావాలి. ఎవరూ కదలరు. ఫ్ల్యోరా ఒక్కడు కిటికీ ఎక్కి బయటపడతాడు. తర్వాత ఒక తల్లి బిడ్డతో సహా ఎక్కుతుంది. బిడ్డని లాక్కుని మళ్లీ లోపలికి విసిరేస్తారు, ఆమెని జుట్టు పట్టుకుని ఈడ్చుకెళతారు. నిప్పంటించాక సైనికులు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నాటకం అయిపోయాక కొట్టినట్టే ఉంటాయి. ఆ తర్వాత నలుగురైదుగురు కలిసి ఫ్ల్యోరాని మోకాళ్లమీద కూర్చోబెట్టి, కణతకి పిస్తోలు ఆనించి, కెమెరా ముందు పోజిస్తారు. వాడు కళ్లు మూసుకుంటాడు. వినపడేది కెమెరా క్లిక్ ఒక్కటే. వాణ్ని వదిలేసి వెళ్లిపోతారు. వాడు అలాగే పక్కకి ఒరిగిపోతాడు. ఇలాంటి ఫొటోలు నిజంగానే ఎన్నో తీసుకున్నారు, ఇంటికి పంపుకున్నారు. తప్పు చేస్తున్నామన్న బెరుకు ఉన్నవాడు ఫొటో తీయించుకోడు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఆ తర్వాతి భాగం. అదే దండు పార్టిజాన్లకి చిక్కుతుంది. వంతెన కింద బందీల్ని నిలబెడతారు. అక్కడ మూడు రకాల మనుషులు మాట్లాడతారు.

కమాండర్ తను ముసలివాణ్ననీ, ఎవరికీ హాని చేయలేదనీ ఏడుస్తాడు. స్థానికుల్లోంచి జర్మన్లతో చేరినవాళ్లు, వాళ్లే మాతో చేయించారు, మేం మీవాళ్లమే, మాకేం తెలియదు అంటారు. మూడోవాడు ఇందాక కిటికీ దగ్గర మాట్లాడిన ఆ యువ ఆఫీసర్. వాడు ప్రాణభిక్ష అడగడు. పిల్లల్ని వదిలి రమ్మన్నది నేనే అని ఒప్పుకుంటాడు. ఎందుకంటే అంతా పిల్లలతోనే మొదలవుతుంది, అన్ని జాతులకీ ఉండే హక్కు లేదు, మీరు ఉండకూడదు, ఈ పని ఇవాళ కాకపోతే రేపైనా పూర్తవుతుంది, ఇదీ వాడి వాదన. దుబాసీ ఆ మాటల్ని వణుకుతూ రష్యన్‌లోకి మారుస్తుంటాడు.

మొదటి ఇద్దరినీ మనం రోజూ చూస్తాం. పైవాళ్లు చెప్పారు చేశాం, మాకు తెలియదు, మేం చిన్నవాళ్లం. ప్రతి దేశంలో, ప్రతి దారుణం తర్వాత వినపడే మాటలే. ఆ మూడోవాడే సిద్ధాంతాన్ని తడబడకుండా అప్పజెప్పేవాడు. చాలా సినిమాలు అలాంటివాడి నోట పిచ్చి కేకలు పెట్టిస్తాయి. క్లిమోవ్ వాడి చేత మామూలుగా మాట్లాడించాడు. లెక్క చెబుతున్నట్టు చెబుతాడు. నాజీ సిద్ధాంతంలో నిజంగానే అది లెక్క. తూర్పు యూరప్‌లో స్లావ్ జనాన్ని కోట్లలో ఖాళీ చేయించి జర్మన్లని తెచ్చి నింపాలని కాగితాలమీద ప్లాన్లు గీశారు. యూదుల్ని ఒక్కరినీ మిగల్చకూడదనుకున్నారు. మనిషి ఏం చేశాడన్నదానికి అక్కడ విలువ లేదు. ఏ కడుపున పుట్టాడన్నదే నేరం. అందుకే పిల్లలతో మొదలుపెట్టమన్నాడు.

బందీల మీద పెట్రోల్ పోయిస్తారు. పోయించేది ఆ స్థానిక తొత్తుల చేతే. ఆ డబ్బా తెచ్చిచ్చింది ఫ్ల్యోరానే. ఊరిని ఎలా కాల్చారో వాళ్లనీ అలాగే కాల్చాలి. కానీ నిప్పు అంటించకముందే జనంలోంచి తుపాకులు పేలతాయి. బందీలంతా కూలిపోతారు. ఆ కాల్పులు క్షమాపణ కాదు, చావు చావే. అయినా వాళ్లు చేసినట్టు మేం చేయలేం అని ఆ చేతులు ఒక గీత దగ్గర ఆగాయి. నాకైతే ఆ జనం మొహాల్లో గెలుపు ఎక్కడా కనపడలేదు.

తర్వాత వచ్చేది మనమంతా మాట్లాడుకోవాల్సిన దృశ్యం. బురదనీళ్లలో హిట్లర్ పటం. ఫ్ల్యోరా అప్పటిదాకా ఒక్క తూటా కూడా పేల్చలేదు, గమనించారా? తుపాకీ కోసం ఇల్లు వదిలినవాడు దాన్ని మొదటిసారి పేల్చేది ఒక ఫొటో మీద. కాల్చిన ప్రతిసారీ కాలం వెనక్కి తిరుగుతుంది. శవాల గుట్టలు, ఊరేగింపులు, పడిన బాంబులు విమానాల్లోకి తిరిగి వెళ్లడం, కూలిన గోడలు లేచి నిలబడటం, మొదటి ప్రపంచ యుద్ధం సైనికుడిగా హిట్లర్, బడిపిల్లాడిగా హిట్లర్. వాడు కాలుస్తూనే ఉంటాడు. చివరికి తల్లి ఒడిలో పసిబిడ్డ దగ్గరికి వస్తుంది. తుపాకీ ఆగిపోతుంది.

చాలామంది దీన్ని 'పసిబిడ్డ హిట్లర్‌ని చంపుతావా' అన్న కాలక్షేపం ప్రశ్నగా చూస్తారు. నాకు అలా అనిపించదు. పది నిమిషాల ముందు ఆ ఆఫీసర్ ఏమన్నాడు? అంతా పిల్లలతోనే మొదలవుతుంది అన్నాడు. ఆ తర్కం సరైందైతే ఫ్ల్యోరా ఆ బిడ్డని కాల్చి తీరాలి. వాడికంటే ఎక్కువ హక్కు ఎవరికుంది? తల్లి పోయింది, చెల్లెళ్లు పోయారు, ఊరు పోయింది. అయినా వాడి వేలు కదలదు. ఆ ఆఫీసర్ సిద్ధాంతానికి సినిమా మొత్తంలో ఇచ్చిన జవాబు అదొక్కటే. పుట్టుకని బట్టి ఎవరినీ చంపడం కుదరదు, అది హిట్లరైనా సరే. ఈ జవాబు ఇవ్వడానికి క్లిమోవ్ ఒక్క మాట కూడా వాడలేదు. అప్పటికే ముడతలు పడి ముసలి మొహమైపోయిన ఒక పిల్లాడి కళ్లలో నీళ్లు చూపించాడు.

ఆ పిల్లాడు అలెక్సేయ్ క్రావ్‌చెంకో. షూటింగ్ అప్పుడు 14 ఏళ్లు. తొమ్మిది నెలలపాటు, కథ నడిచిన వరసలోనే దృశ్యాలు తీశారు. మొదట్లో నవ్వుతూ కనిపించిన మొహం చివరికి అలా అవడంలో మేకప్ ఎంతో, అలసట ఎంతో నేను చెప్పలేను.

సినిమాకి మొదట పెట్టుకున్న పేరు 'హిట్లర్‌ని చంపండి'. మనలో ఉన్న హిట్లర్‌ని చంపుకోమని తన ఉద్దేశమని క్లిమోవ్ తర్వాత చెప్పాడు. పైవాళ్లకి ఆ పేరు నచ్చలేదు. బైబిల్ చివర ప్రకటన గ్రంథంలో నలుగురు గుర్రపు రౌతులు వచ్చే చోట వినపడే పిలుపుని తీసుకుని 'రా, చూడు' అని మార్చారు. పేరు మారడం సినిమాకి మేలే చేసిందని నా అభిప్రాయం.

పైవాళ్లు అన్నాను కదా. ఈ కథలో రెండో నిరంకుశత్వం అక్కడుంది. దాన్ని దాటేసి వెళితే నేను మీకు సగమే చెప్పినట్టు.

1977లోనే క్లిమోవ్ ఈ సినిమా తీయడానికి సిద్ధమయ్యాడు. ప్రభుత్వ సినిమా సంస్థ గోస్కినో ఆపేసింది. మురికిని అందంగా చూపిస్తున్నారు, మరీ పచ్చిగా ఉంది అన్నారు. వాళ్లకి కావాల్సిన పార్టిజాన్ వేరు. శుభ్రంగా ఉండాలి, ధైర్యంగా ఉండాలి, చివర్లో పాట పాడాలి. గెలుపు మీదే బతికే రాజ్యానికి, ఆ గెలుపులో ముక్కు కారుతూ, వణుకుతూ, బురదలో ఈదిన పిల్లాడు అవమానంగా కనిపించాడు. ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చింది. చివరికి యుద్ధ విజయానికి 40 ఏళ్లు నిండే సందర్భంలో అనుమతి దొరికింది. ఈలోగా క్లిమోవ్ జీవితంలో మరో దెబ్బ. భార్య లారిసా షెపిట్కో గొప్ప దర్శకురాలు. బెలారస్ రచయిత వసీల్ బీకవ్ కథ ఆధారంగా ఆమె తీసిన 'ది అసెంట్'కి 1977లో బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ వచ్చింది. 1979లో లొకేషన్లు చూడటానికి వెళుతూ కారు ప్రమాదంలో చనిపోయింది. ఆమె మొదలుపెట్టిన సినిమాని ఆయనే పూర్తి చేశాడు.

క్లిమోవ్ 1933లో స్టాలిన్‌గ్రాడ్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో తల్లితో, పసివాడైన తమ్ముడితో వోల్గా నది దాటాడు. వెనక ఊరు కాలుతోంది, నూనె ఒలికి నదీ కాలుతోంది. తను చూసినదంతా తీస్తే తనే ఆ సినిమా చూడలేనని ఆయన తర్వాత అన్నాడు. అలాంటివాడికి ఆఫీసులో కూర్చున్నవాళ్లు పచ్చిదనం గురించి పాఠం చెప్పారు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను పెరిగింది మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాల మధ్య. మా నాన్న విశాలాంధ్ర షాపుకెళితే ఒక పుస్తకం తేకుండా రాడు. తక్కువ ధర, గట్టి అట్ట, మంచి బొమ్మలు. నా వయసువాళ్లు ఇక్కడ చాలామంది తలూపుతున్నారు. ఫాసిజాన్ని ఓడించిన దేశమని ఆ దేశాన్ని ప్రేమించాం. ఆ ప్రేమ అబద్ధం కాదు. ఎర్ర సైన్యం లేకపోతే నాజీల చావు శిబిరం ఆష్విట్జ్ ద్వారాలు 1945 జనవరిలో తెరుచుకునేవి కావు. కానీ ఆ పుస్తకాల్లో లేనివి కూడా ఉన్నాయి. అవి పెద్దయ్యాక తెలిశాయి, తెలిసినప్పుడు బాధ కలిగింది.

మిన్స్క్ శివార్లలోనే కురపాతి అనే అడవి ఉంది. 1930ల చివర్లో స్టాలిన్ రహస్య పోలీసులు వేలమందిని అక్కడ కాల్చి పూడ్చారు. ఆ సంగతి బయటికి వచ్చింది 1988లో. సినిమా వచ్చిన మూడేళ్లకి. పేరులో ఖతీన్‌ని పోలిన కతీన్ అనే చోటు రష్యాలో ఉంది. 1940లో సోవియట్ రహస్య పోలీసులు పోలండ్ అధికారుల్ని, మేధావుల్ని సుమారు 22,000 మందిని చంపిన మారణకాండ ఆ పేరుతోనే నిలిచిపోయింది. అది జర్మన్లు చేసిన పని అని దాదాపు అర్ధశతాబ్దం చెప్పి, 1990లో ఒప్పుకున్నారు. ఖతీన్‌ని తగలబెట్టినవాళ్లలో కూడా జర్మన్లతోపాటు 118వ పోలీసు బెటాలియన్ ఉంది. అందులో ఎక్కువమంది సోవియట్ పౌరులే. ఆ బెటాలియన్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ వస్యూరా యుద్ధం తర్వాత కొన్నేళ్లే జైల్లో ఉండి, 1955లో విడుదలై, సోవియట్ దేశంలోనే హాయిగా బతికాడు. 1986లో మిన్స్క్‌లో విచారణ జరిగింది, మరణశిక్ష పడింది. పత్రికల్లో పెద్దగా రానివ్వలేదు.

సినిమా ఇందులో ఏం చెప్పింది, ఏం చెప్పలేదు? స్టాలిన్ గురించి ఒక్క మాట లేదు. వెనక్కి తిరిగే ఆ న్యూస్‌రీల్లో 1939లో హిట్లర్‌తో స్టాలిన్ చేసుకున్న ఒప్పందం కనపడదు. యూదుల సంగతీ అంతే. బెలారస్ యూదుల్లో అత్యధికుల్ని చంపేశారు. సోవియట్ అధికారిక భాషలో వాళ్లంతా 'శాంతియుత సోవియట్ పౌరులు' అయిపోయారు. సినిమా ఆ భాషని పెద్దగా దాటలేదు. అది లోపమే. అయితే స్థానిక తొత్తుల్ని దాచలేదు. నిప్పు పెట్టే చేతుల్లో తమ సొంత భాష మాట్లాడేవాళ్ల చేతులూ ఉన్నాయని 1985లోనే తెరమీద చూపించింది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

చెప్పలేని మిగతాది మరొకరు రాశారు. వసీలీ గ్రాస్‌మన్ నవల 'లైఫ్ అండ్ ఫేట్'లో ఒక నాజీ అధికారి బందీగా ఉన్న ముసలి బోల్షివిక్‌ని, అంటే రష్యన్ కమ్యూనిస్టుని, పిలిచి, మీ మొహంలో మేం అద్దం చూసుకుంటున్నట్టుంది అనే ధోరణిలో మాట్లాడతాడు. ఆ ముసలాయన కోపంతో కాదంటాడు, లోపల మాత్రం భయం పుడుతుంది. 1961లో సోవియట్ రహస్య పోలీసు సంస్థ కేజీబీ ఆ రాతప్రతిని పట్టుకుపోయింది. టైప్‌రైటర్ రిబ్బన్లు కూడా వదల్లేదు. గ్రాస్‌మన్ అది అచ్చులో చూడకుండానే 1964లో చనిపోయాడు. ఆయన కథ మీదే తీసిన 'కమిసార్' సినిమా 1967లో పూర్తయి ఇరవై ఏళ్లు పెట్టెలో ఉండిపోయింది.

ఆ పెట్టె తెరిపించినవాళ్లలో క్లిమోవ్ ఉన్నాడు. 1986 మేలో సోవియట్ సినిమా కార్మికుల సంఘానికి ఆయన్ని నాయకుడిగా ఎన్నుకున్నారు. వెంటనే నిషేధించిన సినిమాల్ని పరిశీలించే కమిషన్ వేశారు. ఏళ్ల తరబడి అల్మారాల్లో మగ్గిన ఎన్నో సినిమాలు ఒకదాని వెనక ఒకటి థియేటర్లకొచ్చాయి. క్లిమోవ్ సొంత సినిమా 'అగోనియా' కూడా 1975లో తయారై పదేళ్లు ఆగిందే. అటు ఆదమోవిచ్ స్టాలిన్ కాలపు బాధితుల కోసం 'మెమోరియల్' సంస్థ వైపు నిలబడ్డాడు. చెర్నోబిల్ అణు ప్రమాదపు విషం బెలారస్ మీద పడినప్పుడు దాస్తే జనం చస్తారని సోవియట్ నాయకుడు గోర్బచేవ్‌కి రాశాడు. నిప్పుల ఊళ్ల మాటలు టేపులమీద విన్నవాడికి మరో మౌనం భరించడం సాధ్యం కాలేదు. ఆయన దారిలోనే మనుషుల గొంతులు పోగేసి రాసిన స్వెత్లానా అలెక్సియేవిచ్‌కి 2015లో నోబెల్ వచ్చింది. తన గురువు ఆదమోవిచ్ అని ఆమె చెబుతూ వచ్చింది.

ఒక సంఘటన క్లిమోవ్ చెప్పేవాడు. జర్మనీలో ఈ సినిమా వేశాక చర్చ జరుగుతుంటే ఒక ముసలాయన లేచాడట. తను హిట్లర్ సైన్యంలో అధికారిగా బెలారస్ దాకా వెళ్లానని, ఇందులో చూపించిందంతా నిజమని చెప్పాడట. తన పిల్లలు, మనవలు ఈ సినిమా చూస్తారన్నదే తనకి అన్నిటికన్నా భయం కలిగించే విషయమని అన్నాడట. ఆ ఆఫీసర్ అంతా పిల్లలతోనే మొదలవుతుంది అన్నాడు కదా. ఈయనకీ చివరికి పిల్లలే గుర్తొచ్చారు.

క్లిమోవ్ ఆ తర్వాత మరో సినిమా తీయలేదు. బుల్గాకోవ్ నవల 'మాస్టర్ అండ్ మార్గరీటా' తీయాలని ఆశపడ్డాడు, కుదరలేదు. తను చేయగలిగిందంతా చేసేశానని అన్నాడు. 2003లో చనిపోయాడు. అంటే 18 ఏళ్లు సినిమా తీయకుండానే గడిపాడు.

నేనిక ఆపుతాను. మైకు మీ మధ్యలో తిరుగుతుంది. ఇందాక మధ్యలో బయటికి వెళ్లినవాళ్లు ఎవరైనా మాట్లాడతానంటే ముందు వాళ్లకే ఇవ్వమని నిర్వాహకుల్ని కోరుతున్నాను.